తేటగా ఉందన్నాను

అరవైల మొదట్లో బళ్ళారి ఆసుపత్రి వెనక, పాత మంచాలు పడేసే కొట్టు పక్కన నాకొక గది ఇచ్చారు. మశూచి పక్కులు సీసాల్లో దాచడం, పిల్లల రక్తం పరీక్షించడం నా పని. "అమ్మవారిని సీసాలో బిగించిన డాక్టరమ్మ" అని పేరు పడింది. ఇంకేం, గడప తొక్కే మనిషి లేకుండా పోయాడు. టీ తెచ్చే ఆయన కూడా గ్లాసు గడప మీద పెట్టి, కన్నడంలో ఒక కేకేసి పరుగు. సాయంత్రం ఎవరినైనా పలకరించబోతే గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుటి నుంచి ఒక్క మాటా ఆడలేదని అప్పుడు తెలిసేది. ఒంటరితనం గొప్పదని చెప్పేవాళ్ళను ఆ గదిలో ఒక్క వారం కూర్చోబెట్టాలి!

నేను వెతికేది ఒక్కటే. మశూచి టీకా వేస్తే పిల్లలందరికీ పుండు లేచి, ఎండి, మచ్చ పడుతుంది. ఎక్కడో ఒక బిడ్డకు మాత్రం మానదు, పెరుగుతూనే పోతుంది. అలాంటి బిడ్డ రక్తంలో రోగంతో పోరాడే పదార్థమే ఉండదని చదివాను. జింకు ఉప్పు కలిపిన నీళ్ళలో, రక్తం గడ్డకట్టాక పైన తేరే సీరం చుక్క వేస్తే, మంచి రక్తమైతే బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడుతుంది. ఆ పదార్థం లేకపోతే తేటగానే ఉంటుంది. మూడేళ్ళుగా నా గాజు గొట్టాలన్నీ తెల్లబడుతూనే ఉన్నాయి.

ఒకరోజు తెక్కలకోట నుంచి ఒక తల్లి మూడేళ్ళ కొడుకును చంకనేసుకుని వచ్చింది. టీకా వేసి రెండు నెలలైనా చేతి మీద పుండు మానలేదు. ఆమె గడప దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి నేల మీద చతికిలబడింది.

"ఏందమ్మా, ఒంటికాయ శొంఠికొమ్ము మాదిరి ఈడ ఏం చేస్తాండావు? ఏమన్నా తింటివా?"

ఎన్నాళ్ళయిందో నన్నా మాట అడిగి! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూట విప్పి జొన్నరొట్టె, శెనక్కాయల పొడి సగం నాకు పెట్టింది. తిన్నాను. బిడ్డ రక్తం తీసుకుని మర్నాడు రమ్మన్నాను.

మర్నాడు ఆమె ఎదుటే చుక్క వేశాను. నీళ్ళు తెల్లబడలేదు. గొట్టం కిటికీ వెలుగులో పెట్టి ఎంతసేపు చూసినా అంతే.

"తేటగా ఉంది! అద్దంలా తేటగా ఉంది!" నవ్వుతూ అరిచాను.

గొట్టం పట్టుకుని పెద్ద డాక్టరుకు చూపించడానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. "మా బిడ్డ నెత్తురు తేటగా ఉండాదంట!" అని కనపడినవాళ్ళకల్లా చెప్పి బస్సెక్కిందని ఆయా చెప్పింది.

తేట అనే మాటకు మన భాషలో చెడ్డ అర్థం ఎక్కడుంది? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మనుషులతో మాట్లాడటమే మరిచిన నోరు నాది.

నేనూ నెల కిందట టీకా వేయించుకున్నాను కాబట్టి, ఆ పోరాడే పదార్థం నా రక్తంలో ఉంది. నా చేతి నుంచే రక్తం తీయించి, సీరం వేరుచేసి, ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టుకుని రెండో రోజు తెక్కలకోట పోయాను. అప్పటికే అమ్మవారు చల్లగా వెళ్ళిపోయిందని, ఆమె కట్టు విప్పి, వేపాకు పసుపు నీళ్ళతో పిల్లవాడికి తలంటు పోసేసింది. పుండు రసి ఒళ్ళంతా పాకింది. విషయం చెప్పాను. బిడ్డను ఎత్తుకుని నాతో బస్సెక్కింది.

వారానికి ముఖం మీద, ఛాతీ మీద కొత్త పుండ్లు లేచాయి. నా సీరం ఎక్కిస్తూనే ఉన్నాను. మూడు వారాలకు పిల్లవాడు పోయాడు. వార్డులో నీళ్ళకని నేనిచ్చిన ఫ్లాస్కు ఆమె దగ్గరే ఉండిపోయింది.

నెల తర్వాత అది తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"లోపలికి రామ్మా," అన్నాను.

"ఈడ్నే ఉంటాలే." ఫ్లాస్కును టీ గ్లాసు పెట్టే చోట పెట్టింది. "ఒక మాట అడగాల. ఆపొద్దు ఎందుకమ్మా నవ్వితివి?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మూడేళ్ళుగా వెతుకుతున్నది దొరికిందని," అన్నాను.

ఆమె నా గొట్టాల వైపు చూసింది.

"అట్లనా? నేను మా పిల్లోని కోసం నవ్వితివనుకుంటి."