నొక్కొద్దన్నా నొక్కిన రేజరు

ఈ రోజు మా బావమరిదికి సుమ్మాదేవి అనే ఊళ్ళో పెళ్ళిచూపులు. ఇంతకుముందు చూసిన సంబంధాలేవీ కుదరలేదు కాబట్టి ఇంట్లో అందరికీ కంగారే.

పొద్దున్న తన రేజరు మొద్దుబారిందని నా సేఫ్టీ రేజరు తీసుకున్నాడు. అది తన బరువుతోనే గీస్తుంది, నొక్కొద్దని చెప్పాను. నొక్కాడు. గడ్డం కింద తెగింది. రక్తం ఆగడానికి మా అత్తగారు పసుపు అద్దారు. కడిగినా ఆ మరక పోలేదు.

అక్కడికి వెళ్ళాక అమ్మాయి నాయనమ్మ అతని గడ్డం కింద పసుపు చూడగానే, "ఏటి బావూ, పిల్లని సూడకముందే పెళ్ళికొడుకుని సేసీసినారేటి?" అన్నారు. అందరూ నవ్వారు. మావాడు తల దించుకుని, "మా బావ రేజరండి, గట్టిగా నొక్కీసినాను" అన్నాడు.

అమ్మాయి నావైపు తిరిగి, "బ్లేడు కొత్తదేనాండి?" అని అడిగింది. కొత్తదేనన్నాను. అప్పుడు అతనితో, "ఈపాలి నొక్కకండి" అంది. ఈపాలి అంటే మావైపు ఈసారి.

తిరిగి వస్తుంటే ఆటోలో మా అత్తగారు, "ఈపాలి అన్నాదంటే మళ్ళీ రమ్మన్నట్టే, ఒప్పుకున్నట్టే కదేటి బావూ?" అన్నారు. అటునుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. విలేకరిని కదా, నేను మాత్రం దీన్ని ధ్రువీకరించని సమాచారంగానే ఉంచాను. మీరైతే వార్త వేసేస్తారా?