మిరపకల్లంలో నవ్విన నవ్వు

మా ఊరు మాచర్లకు దగ్గర. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఎనభైల మధ్యలో, మా మిరపకల్లంలో సినిమా షూటింగ్ జరిగింది. ఎర్రగా ఆరబోసిన కాయలు చూసి ఆ సినిమావాళ్ళే వచ్చి నాన్నను అడిగారు. ఆడవాళ్ళం రోజూ చేసే పనే చెయ్యాలన్నారు. రంగు పోయిన తాలుకాయలు ఏరడం, అంతే.

నా ముందు కెమెరా పెట్టి, "అమ్మాయ్, తలెత్తి పక్కకి చూసి నవ్వు" అన్నారు. ఘాటుకి కళ్ళు మండుతుంటే నవ్వెక్కణ్ణించి వస్తుంది? అంతలో కెమెరా పక్కన నిలబడ్డ మా పిన్ని, టోపీ పెట్టుకున్న డైరెక్టరుగారు నడిచినట్టే నడుం మీద చేతులేసుకుని నాలుగడుగులు వేసింది. పక్కున నవ్వాను. ఎవరైనా చూశారేమోనని వెంటనే తల దించుకున్నాను. బాగొచ్చింది, చాలన్నారు.

తర్వాత నాకు ముప్పాళ్ళ సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది. అప్పుడే ఆ సినిమా వచ్చింది. ఒకరోజు పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పిల్ల సంగతి ముందే చెప్పాల్సింది అంటున్నారు బావా, ముప్పాళ్ళవాళ్ళు."

"ఏం సంగతి?" అన్నాడు నాన్న.

"సినిమాలో చూశారంట."

మర్నాడు అమ్మ నన్ను మాచర్ల తీసుకెళ్ళి మ్యాట్నీలో కూర్చోబెట్టింది. సగం సినిమా అయ్యాక మా కల్లం కనపడింది. నేను తలెత్తి చూశాను. వెంటనే తెరంతా ఒక కుర్రాడి ముఖం. సాయిబుగారి అబ్బాయి. మా పక్కవీధిలో ఆయిలింజన్లు బాగుచేసే షాపు అతనిదే. చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగి నవ్వాడు. మళ్ళీ నేను. నవ్వి తల దించుకున్నాను. అటుగా నడిచిపోతున్న హీరోయిన్ గొంతు వినిపించింది: "చూశావా, ఒక్క మాటైనా లేకుండా వాళ్ళిద్దరూ ఎంత మాట్లాడుకుంటున్నారో!" హాలులో ఎవరో ఈల వేశారు.

తెర మీద ఆ పిల్ల నిజంగానే అతన్ని చూసి సిగ్గుపడింది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎప్పట్నించే ఇది?"

"అమ్మా, నేను పిన్నిని చూసి నవ్వానే. ఆ అబ్బాయి అసలక్కడ లేడే."

"మరి వాడు నిన్నెందుకు చూశాడే?"



సాయంత్రం ఆ అబ్బాయే మా ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి నాన్నతో చెప్పాడు. "మామా, నన్ను తీసింది మీ కల్లంలో తీసిన మర్నాడు, ఊరి బయట. వాళ్ళ జనరేటర్ ఆగిపోతే పిలిచారు. స్టార్టయిందని నవ్వా. ఆడ మీ అమ్మాయి లేదు."

"నాకు తెలుసురా," అన్నాడు నాన్న. "నువ్వొచ్చి నాకు చెప్పావు. హాలుకు పోయినోళ్ళందరికీ ఎవడు చెప్తాడు?" గుమ్మం దాకా వచ్చి, "కొన్నాళ్ళు ఇంకెక్కడన్నా పని చూసుకో. నీకూ మంచిది" అన్నాడు.

ఆ వారంలోనే షాపు మూతపడింది. నరసరావుపేటలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడన్నారు. పిన్ని మాత్రం ఊరుకోలేదు. ఇంటింటికీ వెళ్ళి, ఆ రోజు నడిచి చూపించినట్టే నడుం మీద చేతులేసుకుని మళ్ళీ నడిచి చూపించింది. "ఇట్టా నడిచానమ్మా, అందుకే నవ్వింది పిల్ల" అని. ఒక్కరూ నవ్వలేదు.

అంతకు ముందు ఆ షాపు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో, ఒక్కసారీ లోపలికి చూడలేదు. మూసేశాక మాత్రం చూడకుండా దాటలేకపోయాను. తెర మీద అతను నా వైపు తిరిగిన తీరు మనసులోంచి పోలేదు. ఎవరో కత్తిరించి అతికించిన చూపు అని తెలుసు. నన్ను అట్లా చూసిన వాళ్ళు మాత్రం అంతవరకూ ఎవరూ లేరు.

ముప్పాళ్ళ సంబంధం తప్పిపోయింది. మరుసటేడు క్రోసూరు సంబంధం చేశారు. నా భర్త కూడా ఆ సినిమా చూశారట. పెళ్ళయిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగారు. "ఆ రోజు ఎవర్ని చూసి నవ్వావు?"

"మా పిన్నిని."

"ఊఁ," అన్నారు. మజ్జిగ పోశాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నమ్మారో లేదో నాకూ తెలియదు.

పుట్టింటికి వెళ్తూ ఒకసారి గురజాలలో మాచర్ల బస్సెక్కాను. ముందు సీట్లో ఆ అబ్బాయి వాళ్ళమ్మ. నన్ను చూసి, సంచి ఒళ్ళోకి తీసుకుని కిటికీ వైపు తిరిగింది. కొడుకు ఎట్లా ఉన్నాడో అడగాలనిపించింది. కనీసం పలకరించాలనిపించింది. చిన్నప్పట్నించీ ఆమెను "అత్తా" అని పిలిచేదాన్ని. బస్సులో మా ఊరివాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. ఆ పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.