వెర్లిన్ జట్టు

అమెరికాలోని డులూత్ ఊళ్లో, స్కూల్ బస్సుల డిపోలో ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ నడిపేది డ్రైవరు డోరిన్ హాల్బర్గ్. ఆమెతో కలిపి పన్నెండు మంది డ్రైవర్లు అసలు ఆటగాళ్ల పేర్లు పంచుకుని తలా ఒక జట్టు కట్టుకుంటారు. ఆదివారం మైదానంలో ఆ ఆటగాళ్లు చూపించే ప్రతాపమే ఇక్కడ పాయింట్లు. వారం వారం జట్లు జంటలుగా తలపడతాయి. ఏ వారం ఎవరిని దింపాలో జట్టు యజమాని ఫోన్‌లో ఎంచుకోవాలి.

ఆ అక్టోబరులో వెర్లిన్ టోస్తెరుడ్ ఆ పని మానేశాడు. ఆయన రిటైరైన డ్రైవరు. మూడు వారాలుగా ఆయన జట్టులో మోకాలు దెబ్బతిన్నవాళ్లు, ఆ వారం ఆటే లేనివాళ్లు అలాగే ఉండిపోయారు. ఆయనతో తలపడ్డవాళ్లు ఊరికే గెలిచేస్తున్నారని మిగతావాళ్లు గొణిగారు. ఆయన్ని తీసేసి ఆటగాళ్లను తమకు పంచెయ్యమని రస్ అనే డ్రైవరు పట్టుబట్టాడు.

"ముందు మనిషిని చూసొస్తా. జట్టు సంగతి తర్వాత" అంది డోరిన్.

ఆయన ఫోన్ ఎత్తకపోవడంతో శనివారం ఇంటికే వెళ్లింది. తలుపు తీసిన వెర్లిన్, ఆమె మాట్లాడాకే గుర్తుపట్టాడు. చూపు మసకబారిందనీ, ఫోన్‌లో అక్షరాలు కనిపించడం లేదనీ నెమ్మదిగా బయటపెట్టాడు.

"నలభై ఏళ్లు పిల్లల్ని బస్సులో తిప్పినవాణ్ణి. కళ్లు పోయాయని ఎవరికి చెప్పుకోనమ్మాయ్?"

"నాకు చెప్పాల్సింది, పెద్దాయనా. ఇకమీద అన్నీ నేను చదువుతా, నువ్వు ఎంచుకో. సలహా మాత్రం అడక్కు."

అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం ఆమె ఫోన్ చేసి, తెరమీద ఉన్నదంతా చదివేది. ఆయన తీరిగ్గా ఆలోచించి పేర్లు చెప్పేవాడు.

నవంబరు చివర్లో వెర్లిన్‌కి ఎదురుపడింది డోరిన్ జట్టే. ఓడితే ఆమె చివరి పోటీలకి వెళ్లదు. ఆ గురువారం ఆయన తన మెరికలాంటి ఆటగాణ్ణి దింపమన్నాడు. అతని పేరు పక్కన గాయమని అప్పుడే పడింది. డోరిన్ ఒక్క క్షణం ఆగి, అది కూడా చదివింది. వెర్లిన్ వెంటనే ఇంకొకణ్ణి పెట్టాడు. ఆదివారం ఆ ఇంకొకడు చెలరేగిపోయాడు. డోరిన్ నాలుగు పాయింట్లతో ఓడిపోయింది.

"నోరు మూసుకుని ఉంటే గెలిచేదానివిగా" అన్నాడు రస్, సోమవారం డిపోలో సంగతి విని.

"అన్నీ చదువుతానని ఆయనకి మాటిచ్చాను" అంది ఆమె, బస్సు అద్దం తుడుస్తూ.

మర్నాడు రస్ వచ్చి, వెర్లిన్, డోరిన్ జట్లు తలపడే వారాల్లో చదివే పని తనకివ్వమన్నాడు. వెర్లిన్ ఆ ఏడు తొమ్మిదో స్థానంలో నిలిచాడు. మళ్లీ ఆగస్టులో ఆటగాళ్లను పంచుకునే రోజున అందరికంటే ముందు డిపోకి వచ్చి కూర్చున్నాడు.