ఎదురెక్కిన ఏడో నంబరు రాయి

దయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. పైగా నాది రాళ్లతో, నీళ్లతో పని. నీరు పల్లమెరుగు అంటారు. రాయి కూడా అంతే అనుకునేవాణ్ణి.

అరవయ్యవ దశకం మొదట్లో మహబూబ్‌నగర్ జిల్లాలో రైల్వే సర్వే పని చేసేవాణ్ణి. గుట్టల మీది వాగులు వానలకు బండలు, బురద మోసుకొచ్చి రైలుకట్టను ఎక్కడ కొట్టేస్తాయో ముందే పసిగట్టాలి. అందుకని ఎండాకాలంలో వాగులోని పెద్ద రాళ్లకు ఎర్రరంగుతో నంబర్లు వేసేవాళ్లం. వానలయ్యాక ఏది ఎంత కిందికి దిగిందో చూస్తే వాగు బలం తెలిసేది. ఏడో నంబరు రాయి వంతెన పక్కనే, వడ్లు పోసే గుమ్మి అంత ఉండేది. దాని మూల నుంచి ఒక ముక్క నేనే సుత్తితో కొట్టి ఇంట్లో పెట్టుకున్నాను.

ఒకనాడు రాత్రంతా కొట్టిన వాన తెల్లవారినా ఆగలేదు. పొద్దున్నే గ్యాంగ్ మేస్త్రీ ఖాసింతో వంతెన దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాను. తల్లిగారింటి నుంచి నా భార్య చంటిబిడ్డతో ఆ పొద్దుటి ప్యాసింజర్‌లోనే వస్తోంది మరి.

పైన గుట్టలో కంకర బండ్లు ఒక్కసారే బోర్లించినట్టు చప్పుడైంది. బురద దిగుతోంది. అంతలోనే రైలు కూత. ఖాసిం చేతిలోని ఎర్రజెండా లాక్కుని ఊపుతూ ఎదురు పరుగెత్తాను. ఆ మలుపులో, ఆ వానలో డ్రైవరుకు నేను కనపడలేదు. పక్కకు దూకాను. రైలు వంతెన ఎక్కింది.

దాటింది కూడా. బురద రానే లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆగలేక ఇద్దరం వాగు వెంట పైకెక్కాం. వాగు ఇరుకయ్యే చోట ఒక రాయి అడ్డంగా బిగుసుకుని ఉంది. దాని వెనక చెట్లతో సహా గుట్టెడు బురద నిలబడిపోయింది. రాయి మీద ఎర్రగా ఏడు.

"సార్, నిన్న మాపటికి వంతెన కాడ దీని మీదనే కూసొని చాయ్ తాగితిమి గదా. గింత పైకి ఎట్లొచ్చింది?" అన్నాడు ఖాసిం.

వంతెన దగ్గరికి దిగి చూశాను. రాయి ఉన్న చోట నీళ్లు నిండిన గుంట మాత్రమే ఉంది. మర్నాడు ఇంట్లోని ముక్క తెచ్చి ఆ మూలకు ఆనించాను. అతికినట్టు సరిపోయింది. వరద రాయిని పైకి మోయదు. మనుషులు ఆ వానలో దాన్ని కదిలించనైనా లేరు.

ఆ ముక్క ఇప్పటికీ మా కిటికీలో ఉంది. ఆనాటి చంటిది దుమ్ము దులిపినప్పుడల్లా నవ్వుతుంది. "రాయి ఎదురెక్కుడేంది బాపు? నువ్వు నమ్ముతవా?"

"నమ్మను బిడ్డా. కానీ అది కిందనే ఉంటే, గిట్ల నవ్వనీకి నువ్వు ఉండకపోతుంటివి."