చేట చప్పుడుతో అమ్మ పాట

నిన్న సూర్యాపేటలో కాన్పు పరీక్షలు చేయించుకుని వచ్చిన మా కోడలు మజ్జిగ తాగుతూ, "ఆపరేషన్ టైంల పాటలు పెట్టుకుంటే భయం తగ్గుతదట అత్తమ్మా, డాక్టరమ్మ చెప్పింది. ఏం పాటలు పెట్టుకోమంటవ్?" అని అడిగింది. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, దేనికైనా ఏదో ఒక జవాబిచ్చే అలవాటు నాది. దీనికి మాత్రం "నీ ఇష్టం బిడ్డా" అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా చెల్లెలికి పెళ్లైన చాలా ఏళ్లకు కడుపు పండింది. నెలలు నిండాక బిడ్డ అడ్డం తిరిగిందని మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్‌కు రోజు పెట్టారు. నడుముకు సూది ఇచ్చి, మెలకువగా ఉండగానే కోస్తారని ఎవరో చెప్పినప్పటి నుంచి దానికి అన్నం సయించలేదు. మత్తు డాక్టరు పెద్దాయన. "ఇష్టమైన పాట ఫోన్లో తెచ్చుకో తల్లీ, చెవి దగ్గర పెడదాం" అన్నాడు. మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపే దాని భర్త సంబరంగా తన పాటలన్నీ ఎక్కించి ఇచ్చాడు. ఒక్కటి వినేసరికే చెల్లెలు, "ఇవి ఇంటే కడుపుల పిల్ల లేసి ఉరుకుతది" అంది. దానికి కావలసింది అమ్మ నాట్లప్పుడు పాడే పాట. అమ్మను ఫోన్ ముందు కూర్చోబెడితే గొంతు పెగలలేదు. చేతులు ఊరికే ఉంటే పాటెట్లా వస్తుందని ఆమె బాధ. చేట, బియ్యం ముందు పెట్టాక వచ్చింది. చేట చప్పుడు, మధ్యలో "హుష్, నీ పాడుగాను!" అని కోడిని అదిలించడం, అంతా పాటతోపాటే ఫోన్లోకి ఎక్కింది.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ నన్నొక్కదాన్ని లోపలికి రానిచ్చింది. చల్లబడిపోయిన వేళ్లతో చెల్లెలు నా చేతిని గట్టిగా పట్టుకుంది. దిండు పక్కన పాట మొదలైంది. కాసేపటికి పట్టు సడలింది. పెదవులు అమ్మతోపాటు కదిలాయి. కోడిని అదిలించిన చోట నవ్వింది కూడా. మిషన్లో పరుగెత్తుతున్న గుండె వేగం అంకెలు దిగొచ్చాయని పెద్దాయన నాకు వేలితో చూపించాడు. అడ్డుతెర అవతల బిడ్డను బయటికి తీశారు. ఇద్దరు నర్సులు మూలనున్న బల్ల మీదికి వంగిపోయారు.

"అక్కా, జర పాట ఆపు. పిల్ల ఏడుపు ఇనబడ్తలేదు" అంది చెల్లెలు.

ఆపాను. బల్ల దగ్గర బిడ్డకు ఊపిరి పోయడానికి గాలి సంచి నొక్కుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. బిడ్డ ఏడవకుండానే చాలాసేపటికి అదీ ఆగింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు.

ఆ తర్వాత అమ్మ నాట్లకు పోయింది గానీ నోరు విప్పి పాడలేదు. "నా గొంతుల్నే ఏదో కీడున్నది" అనేది. కాదని డాక్టరమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. ఆ అనుమానంతోనే కన్నుమూసింది. చెల్లెలికి మళ్లీ కడుపు రాలేదు. కోదాడలో ఉంటుంది. వండుతుంది, పలకరిస్తే పలుకుతుంది, పండక్కి కొత్త చీర పెడితే కట్టుకుంటుంది, అంతే. కాలం అందరినీ ముందుకు తీసుకుపోతుందని పిల్లలకు చెప్పేదాన్ని. కొందరిని ఒక నిమిషం దగ్గర దింపేసి వెళ్లిపోతుందని, మళ్లీ ఎక్కించుకోవడానికి రాదని అప్పటికి నాకు తెలియదు.