మానుపసుపు నీళ్ళు

మీ పేషెంటు నాలుగు ఇంజెక్షన్లకి రాలేదు, వైద్యం మానేశారా అని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు నేను మధురవాడలో మా ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాను. రాంగ్ నంబరనుకుని విసుక్కున్నాను కూడా. అవతలావిడ మా బావ పేరు, వయసు, ఇంటి వీధి చదివింది.

బావంటే మా అక్క మొగుడు. సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి. పెద్దపేగులో క్యాన్సరొస్తే ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మూడు వారాలకోసారి ఇంజెక్షన్. మొదటి రెండింటికీ నేను వెంట వెళ్ళాను. దారి తెలుసులే, నీ డ్యూటీ మానుకోకు అన్నాడు ఆపైన. చెప్పిన రోజుకి పొద్దున్నే ఫైలు సంచిలో పెట్టుకుని బయల్దేరేవాడు. అక్క చేపల గంప ఎత్తుకుని తన దారిన తను పోయేది. మేమిద్దరం నిశ్చింతగా ఉన్నాం.

సెలవు పెట్టి హార్బరుకి పోయాను. తెలిసినవాళ్ళ బోటు దగ్గర బావ ఐసు పెట్టెలో చేపలు సర్దుతున్నాడు. ఉత్త చేతుల్తో. నాకు ముందు కనపడ్డవి ఆ చేతులే. రెండో ఇంజెక్షన్ తర్వాత ఐసు ముట్టుకుంటే చాలు, కరెంటు షాకు కొట్టినట్టు వేళ్ళు జివ్వుమనేవి. చల్లనీళ్ళు గొంతు దిగేవి కావు. ఆ మందుతో అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పారు. ఐసు ముట్టుకోలేనోడు చేపల పనికేం పనికొస్తాడని బావ నవ్వేవాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు మాత్రం అరిచాను. నాకు కోపమొస్తే చిన్నా పెద్దా తెలీదు, చుట్టూ జనం చూస్తున్నా ఆగలేదు. ఆయన తాపీగా చేతులు తుడుచుకుని సంచిలోంచి వాటర్ బాటిల్ తీశాడు. లోపల నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి.

"మందు మానేయనేదు. నువ్వు సెప్పిందే తాగుతన్నాను," అన్నాడు.

చెప్పాను. నిజమే. రెండో ఇంజెక్షన్ అయిన ఆదివారం వాళ్ళింట్లో భోంచేస్తూ చెప్పాను. చైనా వైద్యంలో విరేచనాలు కట్టడానికి వాడే పసుప్పచ్చటి వేరు ఒకటుంది, అందులోని పదార్థం మీదే మా ల్యాబులో నా పని. ల్యాబు ప్లేటులో పెంచిన పేగు క్యాన్సర్ కణాల మీద అది వేస్తే రెండ్రోజుల్లో చచ్చాయని, అదే పదార్థం మన మానుపసుపులోనూ ఉందని గొప్పలు పోయాను. మా రెండిళ్ళలో డిగ్రీ దాటింది నేనొక్కదాన్నే. అక్క మురిసిపోయి ఇంకో చేప ముక్క నా కంచంలో వేసింది.

పడవ మీద నీటి రంగు చూసి చేప జాడ పట్టేవాడు ఒకడుంటాడు. వాడు వల వెయ్యమంటే వెయ్యడమే, మిగతావాళ్ళు ఎందుకని అడగరు. అడుగుతూ కూర్చుంటే చేప పోతుంది. బావకి ఆ మనిషిని నేనేనని నాకు తెలీదు. ఇంజెక్షన్ రోజుల్లో ఫైలు సంచితో హార్బరుకే పోయేవాడు. నాటుమందుల కొట్లో మానుపసుపు చెక్క కొని, రోజూ కాచుకుని తాగాడు. పన్నెండు వారాలు.

మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. స్కాను తీశారు. లివర్లో మూడు మచ్చలు, క్యాన్సర్ పాకింది. ఆపరేషన్ నాటికి అవి లేవు. ఇంజెక్షన్లు పడుంటే వచ్చేవి కాదా అని అడిగాను. రాకపోయి ఉండొచ్చు, చెప్పలేం అన్నారు డాక్టరు. ఈసారి వేరే మందు మొదలుపెడదామన్నారు. ఫైలు తీసుకుని బయటికొచ్చాను.

బెంచీ మీద బావ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. డాక్టర్ని ఒక్క ముక్కా అడగనివాడు నన్నడిగాడు.

"ఆ ప్లేటులో మీరెంతేసినారు? నాను తక్కువేసుకున్నానేటి?"

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. ప్లేటులో కణాలు చావడం పెద్ద విశేషం కాదని, అక్కడ ఉప్పెక్కువైనా చస్తాయని, సబ్బునీళ్ళు పడ్డా చస్తాయని. అక్కడ కణాల్ని చంపే పదార్థాల్లో మనిషికి మందయ్యేది ఎక్కడో ఒకటని. తాగిన కషాయంలోంచి ఒంటికి పట్టేది బహు కొంచెమని. ఇదంతా నాకు ఆ ఆదివారం కూడా తెలుసు.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"మరా ముక్క ఆ రోజే సెప్పకపోనావా," అన్నాడు.

ఆ రోజు అందరూ నా వైపే చూస్తున్నారు, అందుకని చెప్పలేదు. ఈ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.