చుట్టకొక ముక్క

తాళ్ళ ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ర్యాంకు అనేవారు. చదువులో తెచ్చుకున్న ర్యాంకు కాదది. లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాయడానికి మొహం చెల్లక ఈ పనిలో చేరినవాడు. పాత కాగితాల దుకాణంలో అట్ట ఊడిన గణాంకాల పుస్తకం ఒకటి దొరికితే ఆరేళ్ళుగా దాన్నే నమిలి మింగుతున్నాడు. విడమర్చి చెప్పేవాడు లేడు. అర్థం కాని పేజీని పదిసార్లు చదివేవాడు. పదకొండోసారికి ఆ పేజీయే విసిగిపోయి లొంగేది. క్యాంటీన్‌లో కూడా మనుషుల్ని పొట్టి నుంచి పొడుగుకి వరుస కట్టి నంబర్లు వేస్తుంటే ఆ పేరు అంటుకుంది, ఇక వదల్లేదు.

అతని పని తాడు ముక్కని మిషన్‌కి రెండు చివరలా బిగించి, తెగేదాకా లాగి, ముల్లు ఎన్ని కిలోల దగ్గర ఆగిందో రాయడం. ఆ రోజు పొద్దున కొత్త దారంతో పేనిన తాడు ఎనిమిది ముక్కలు లాగాడు. అదే తాడు తొంభై చుట్టలు అప్పటికే లారీ ఎక్కి వాకిట్లో ఉన్నాయి. కొనేవాడు ఎత్తు భవనాలకి రంగులేయించే కాంట్రాక్టరు. కొత్త తాడు పాతదానికి తీసిపోదని టెస్టింగ్ గది సంతకం చేసిస్తేనే సరుకు దించుకుంటానన్నాడు. ఆ తాళ్ళకి పలక కట్టుకుని రేపు పదకొండో అంతస్తు నుంచి వేలాడేవాళ్ళలో ర్యాంకు అక్క మొగుడు ఒకడు.

మేనేజరు కాగితం అందుకుని క్యాలిక్యులేటర్ నొక్కాడు.

"పాతది సగటున రెండు వేల నూట యాభై. కొత్తది రెండు వేల నూట అరవై. పది కిలోలు ఎక్కువే ఉందిగా. ఇంకేం, పెట్టు సంతకం."

"ఆ సగటు అంతా ఒక్క ముక్క పుణ్యం సార్. అందులో అతుకు పడింది, బొటనవేలంత లావుంది. నాలుగు వేల దాకా పోయింది."

"అతుకు మాత్రం మన తాడు కాదా?"

ర్యాంకు పదహారు ముక్కల్నీ, పాతవి ఎనిమిది, కొత్తవి ఎనిమిది, బల్ల మీద బలహీనమైనదాని నుంచి గట్టిదాని దాకా వరుసగా పేర్చాడు. ఒకటి నుంచి పదహారు దాకా సుద్దతో నంబర్లు వేశాడు.

"ఇక్కడ కిలోల మాట వదిలెయ్యండి సార్. ఎవరి వెనక ఎవరున్నారో అదే లెక్క. అతుకు ముక్క నాలుగు వేలకి తెగినా నలభై వేలకి తెగినా దాని నంబరు పదహారే. రెండు తాళ్ళూ సమానమైతే కొత్తవాటి నంబర్లు కూడితే అరవై ఎనిమిది చుట్టుపక్కల రావాలి. నలభై ఎనిమిది వచ్చింది. నలభై తొమ్మిది, అంతకన్నా తక్కువ వస్తే తేడా ఉన్నట్టేనని పుస్తకంలో పట్టిక ఉంది. తేడా లేకుండా ఇంతలా ఏదో ఒక పక్కకి ఒరగడం వందలో ఐదుసార్లకి మించి జరగదు."

మేనేజరు మెడ తడుముకున్నాడు. ఎదురుగా ఉన్నవాడు పరీక్ష తప్పినవాడే అయినా పట్టిక అచ్చులో ఉంది. "పై వాళ్ళతో మాట్లాడొస్తాను. లారీ కదలొద్దను," అని వెళ్ళాడు.

ర్యాంకుకి ఒళ్ళు తేలికైంది. ఆరేళ్ళ చదువు మొదటిసారి ఒక లారీని ఆపింది. అప్పుడే చుట్టలు చుట్టే షెడ్డులో పనిచేసే అక్క తెగిన ముక్కలు ఏరుకెళ్ళడానికి వచ్చింది.

"ఏంటి తమ్ముడూ, నా చుట్ట మొత్తం చంపేశావ్?"

"ఏ చుట్ట అక్కా?"

"ఏ చుట్టేంటి! మూల పడేసిన తోక చుట్ట. ఎనిమిది ముక్కలూ అందులోవేగా నువ్వు కోసుకెళ్ళింది? ఆ వేళ మిషన్ రెండుసార్లు ఆగి అతుకులు పడ్డాయి. అందుకే అమ్మకానికి పంపలేదు దాన్ని."

అతని చేతిలో సుద్ద ఆగింది. అమ్మకం చుట్టని కోస్తే అది పొట్టిదైపోతుందని ఆ ఫ్యాక్టరీలో ఎప్పుడూ చివర్లో మిగిలిన తోక చుట్టలోంచే ముక్కలు కోసేవారు. పాత తాడు అంకెలు నెలల తరబడి ఒక్కో తోక చుట్ట నుంచి ఒక్కోటి పోగైనవి. కొత్తవి మాత్రం ఒకే చుట్టవి. ఒకే ఇంట్లో ఎనిమిది మందిని అడిగి ఊరంతా అడిగానన్నట్టుంది తన పరీక్ష. ఆ చుట్ట సంగతి తెలిసింది. లారీలో ఉన్న తొంభై గురించి ఏమీ తెలియదు.

నోరు మూసుకుంటే సరిపోయేది. లారీ ఆగింది, బావ రేపటికి క్షేమం. షెడ్డు అక్క కూడా ముక్కలు గోతంలో వేసుకుని వెళ్ళిపోతోంది. కానీ మిగతా తొంభై గట్టివైతే తను చేసింది దొంగ లెక్క. అవీ ఇలాంటివే అయితే, ఎవడో ఒకడు ఈ తోక చుట్ట సంగతి పట్టుకుని పరీక్షని కొట్టిపారేస్తాడు, అప్పుడు లారీ వెళ్ళనే వెళుతుంది.

కత్తి తీసుకుని వాకిట్లోకి నడిచాడు. చుట్టల నంబర్లు తొంభై చీటీల మీద రాసి టోపీలో కలిపి ఎనిమిది తీశాడు.

"లాటరీ ఏంటన్నా, ఫస్ట్ ప్రైజు ఎవరికి?" అన్నాడు డ్రైవరు.

"మా బావకి."

లారీ ఎక్కి ఆ నంబర్ల చుట్టలు వెతికి చుట్టకొక ముక్క కోశాడు. ఎనిమిది అమ్మకం చుట్టలు పొట్టివయ్యాయి. డ్రైవరుకి నవ్వు ఆగిపోయింది.

గదిలో మిషన్ మళ్ళీ మూలిగింది. మొదటి ముక్క పద్దెనిమిది వందలకే తెగింది. రెండోది బాగా తట్టుకుంది. మూడోది తెగుతుంటే ఫోను మోగింది.

"ఏరా బావమరిదీ, తాడొస్తుందా, మీ అక్క జడ కోసుకు రమ్మంటావా? ఇక్కడ ఆరుగురం గోళ్ళు గిల్లుకుంటున్నాం."

"లాగుతున్నా బావా. ఉండు."

"ఉండక ఎక్కడికి పోతాం, కిందే ఉన్నాం. ఇవాళ కట్టుకుంటేనేగా రేపు పైకెళ్ళేది, తాడేదిరా?"

ఎనిమిదీ అయ్యాయి. మళ్ళీ పాతవాటి అంకెలతో కలిపి వరుస, మళ్ళీ నంబర్లు. కూడాడు. యాభై. నమ్మకం లేక కింద నుంచి పైకి కూడాడు. యాభై. గీత నలభై తొమ్మిది దగ్గర ఉంది.

మేనేజరు గుమ్మంలోనే అరిచాడు. "చుట్టలు కోశావంట! ఎవడు కొయ్యమన్నాడు?"

ర్యాంకు అంతా చెప్పాడు. తోక చుట్ట సంగతి, తన తప్పు, యాభై, ఏదీ దాచలేదు.

"అంటే నీ పట్టిక ప్రకారం తేడా లేదనేగా! పెట్టు సంతకం."

"తేడా ఉందని గట్టిగా చెప్పలేమనే సార్ అది. లేదని కాదు. ఎనిమిది చాల్లేదు, ఇంకో ఎనిమిది చుట్టలు కొయ్యాలి."

"ఒక్క నంబరు కోసం నా ప్రాణం తీస్తావా?"

"కాగితంలో నా సంతకం గడి కింద మీ గడి కూడా ఉంది సార్. తీసిపోదని మీకు అనిపిస్తే మీరే పెట్టండి."

మేనేజరు పెన్ను తీశాడు. కాగితం మీదికి వంగాడు. బల్ల మీద యాభయ్యో, దాని పక్కన పద్దెనిమిది వందలకి తెగి దూదిలా విచ్చుకున్న ముక్కో, ఏది కంటబడిందో గానీ పెన్నుకి మూత పెట్టేశాడు.

"కొయ్యి. లారీ దించమను. అదయ్యాక నువ్వు చుట్టలు చుట్టే షెడ్డుకి పో. ఈ గదిలో నాకు మాట వినేవాడు కావాలి."

ర్యాంకు బావకి ఫోన్ చేశాడు. "ఇవాళ తాడు రాదు బావా. రేపు కూడా చెప్పలేను."

అటు నుంచి వచ్చిన తిట్లు అక్షరం పొల్లు పోకుండా విన్నాడు. చివర్లో బావ, "మీ అక్కకి నువ్వే చెప్పుకో," అని పెట్టేశాడు.

మిగిలిన చీటీలున్న టోపీ అందుకుని అతను లారీ దగ్గరికి వెళ్ళాడు.